చేతులు కాలకముందే ఆకులు పట్టుకోండి: మేపుల్ లీఫ్స్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

టొరంటో, ఆగస్టు 2025

టొరంటో ఐస్ హాకీ జట్టు మేపుల్ లీఫ్స్ జనరల్ మేనేజర్ బ్రాడ్ ట్రెలివింగ్ గారికి, ఆ జట్టును నడిపే సంస్థ ఎంఎల్ఎస్ఈ సీఈఓ కీత్ పెల్లీ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మీరు చదవలేరని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఆఫీసు మెయిళ్ళన్నీ ఇంగ్లీషులోనే రాస్తాను గానీ, కోపం వస్తే నాకు ఇంగ్లీషు రాదు. పైగా దీన్ని చదవాల్సింది మీరిద్దరే కాదు. క్రికెట్ చూస్తూ పెరిగి, ఇక్కడికొచ్చాక మంచు మీద ఆడే ఈ హాకీకి అలవాటుపడి, ఏప్రిల్ వచ్చిందంటే నిద్ర పాడుచేసుకునే తెలుగువాళ్ళు ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కలా చాలామందే ఉన్నారు. వాళ్ళలో సగం మంది ఈ వేసవంతా ఒకే విషయం మీద కొట్టుకుంటున్నారు. మన స్టార్ ఫార్వర్డ్ మిచ్ మార్నర్ జట్టు వదిలి పోవడం మంచికా, చెడుకా?

ఆ తగువులో నేను ఏ పక్షమూ కాదు. అసలు ప్రశ్నే తప్పు అంటాను. అదెందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

నేను చూసిన మొట్టమొదటి హాకీ మ్యాచ్ 2013 మే 13 నాటిది. చదువుకోడానికి వచ్చి అప్పటికి నాలుగు నెలలు. బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్ళం. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో కూడా తెలీదు. పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ళ) ఎక్కడుందో కనిపెట్టడానికే, ఆటలో ఉండే మూడు పీరియడ్‌లలో మొదటిదంతా సరిపోయింది. నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టు ముందుకెళ్ళే సిరీస్‌లో బోస్టన్‌తో ఏడో మ్యాచ్, గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. మూడో పీరియడ్‌లో లీఫ్స్ 4-1తో ముందున్నారు. రూమ్మేట్లు ఫోన్లు చేసి మరీ పిలుస్తున్నారు, రండి, చరిత్ర జరుగుతోంది అని. జరిగింది. చివరి నిమిషంన్నరలో బోస్టన్ రెండు గోల్స్ కొట్టి స్కోరు సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో పాట్రిస్ బెర్జెరాన్ ముగించేశాడు. ఇంటి ఓనరు, అరవై దాటిన ఆయన, ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళి లైటార్పి పడుకున్నాడు. ఆ నిశ్శబ్దం చూసి అనుకున్నాను, ఈ ఊరికి ఈ ఆట అంటే మాకు క్రికెట్ అన్నట్టే అని. ఆ రాత్రి పట్టుకున్న పిచ్చి ఇంకా వదల్లేదు.

ఆ తర్వాతి సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2016 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోటు) మొదటి ఎంపికగా ఆస్టన్ మాథ్యూస్ వచ్చాడు. తొలి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. అంతకుముందే విలియం నైలాండర్, మార్నర్ ఉన్నారు. 2018 జూలై 1న జాన్ తవారెస్ సొంతూరికి వచ్చాడు. ఇంకేం కావాలి? 1967 తర్వాత స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ లీగ్ విజేతకిచ్చే కప్పు, ముఖం చూడని ఊరు. ఆ ఏడాది లీగ్‌లో ఉన్నవే ఆరు జట్లు. ఇప్పుడు 32.

2017 నుంచి 2025 దాకా వరసగా తొమ్మిదేళ్ళు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ చివర కప్పు కోసం జరిగే నాకౌట్ సిరీస్‌లకి, వెళ్ళాం. గెలిచిన సిరీస్‌లు రెండు. 2023లో టాంపా మీద, ఈ ఏడాది ఒట్టావా మీద. ఇక తాడోపేడో తేల్చుకునే మ్యాచ్‌లు: 2018, 2019 బోస్టన్‌తో, 2020 కొలంబస్‌తో, 2021 మాంట్రియల్‌తో, 2022 టాంపాతో, 2024 మళ్ళీ బోస్టన్‌తో, 2025 ఫ్లోరిడాతో. ఏడుకి ఏడూ ఓడిపోయాం. అందులో చివరి ఆరింటిలో మనం కొట్టిన గోల్స్ ఎన్నో ఒక రాత్రి కూర్చుని లెక్కపెట్టాను. ఒకటి, సున్నా, ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి. ఆరు మ్యాచ్‌లకు కలిపి ఐదు. లీగ్‌లో అత్యధిక జీతాలు తీసుకునే ఫార్వర్డ్‌లు ఉన్న జట్టు, ఆరు నిర్ణాయక రాత్రుల్లో ఐదు గోల్స్!

ఈ మే నెల మాత్రం వేరేలా ఉంటుందనుకున్నాం. 52 విజయాలు, 108 పాయింట్లు, అట్లాంటిక్ డివిజన్‌లో మొదటి స్థానం. మన గోలీ ఆంథొనీ స్టోలార్జ్ సేవ్ శాతంలో (మీదకొచ్చిన షాట్లలో ఆపినవాటి శాతం) లీగ్ మొత్తానికే ముందున్నాడు. ఫ్లోరిడాతో మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచాం. మూడో మ్యాచ్‌లో 2-0తో ముందుండి, తర్వాత 3-1తో కూడా ముందుండి, చివరికి ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం. కొట్టింది బ్రాడ్ మార్షాండ్. (ఇతని గురించి ఏం రాయాలో కూడా తెలీడం లేదు. బోస్టన్ తరఫున నాలుగుసార్లు, ఫ్లోరిడా తరఫున ఒకసారి, మొత్తం ఐదు ఏడో మ్యాచ్‌లలో మన మీద గెలిచినవాడు. జాతకాలు నమ్మనివాణ్ణి కూడా నమ్మిస్తాడు.) ఐదో మ్యాచ్ సొంత రింక్‌లో 1-6. ఆరోది అక్కడికెళ్ళి 2-0తో గెలుచుకొచ్చాం. ఏడోది మళ్ళీ సొంత రింక్‌లో, మళ్ళీ 1-6. మనం కొట్టిన ఆ ఒక్క గోల్ మాక్స్ డోమీది.

ఆ తర్వాత ఆరు వారాలకి, జూన్ 30న, మార్నర్ వెళ్ళిపోయాడు. వేగస్ జట్టుతో ఎనిమిదేళ్ళ ఒప్పందం, ఏడాదికి 12 మిలియన్ డాలర్లు. బదులుగా మనకు వచ్చింది ఒక్క నికొలస్ రాయ్.

మేం ఏడెనిమిది మందిమి కలిసి మ్యాచ్‌లు చూస్తాం. ఆ వార్త వచ్చిన రోజు ఫోన్లు ఆగలేదు. మాలో ఒకాయన పీడ విరగడైందన్నాడు. ప్లేఆఫ్స్ రాగానే మాయమైపోయేవాడికి 12 మిలియన్లా అని ఆయన ప్రశ్న. ఇంకొకాయన, సీజన్‌కి 102 పాయింట్లు తెచ్చేవాణ్ణి ఊరికే పంపించేశారని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. ఇద్దరిదీ ఒకరకంగా నిజమే. 27 గోల్స్, 75 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), రెండూ కలిపితేనే ఆటగాడి పాయింట్లు. అంతే కాదు, పెనాల్టీ కిల్‌లో (మనవాడొకడు శిక్ష మీద బయట కూర్చున్నప్పుడు) మొదట దిగేదీ అతనే, చివరి నిమిషంలో ఆధిక్యం కాపాడేదీ అతనే. ఈ 102 పాయింట్లు రేపు ఎక్కణ్ణుంచి తెస్తారో పీడ విరగడైందన్నాయన చెప్పడు. ఏడో మ్యాచ్‌లలో ఆ పాయింట్లు ఎందుకు రావో రెండో ఆయనా చెప్పడు.

నా బాధ ఇది కాదు. మార్నర్ ఉండాలా పోవాలా అన్నది మీ నిర్ణయం కావాలి. కానీ ఆ నిర్ణయం మీరు తీసుకోలేదు, తీసుకోవాల్సిన రోజున ఎవరూ తీసుకోలేదు. చివరికి అతనే తీసుకున్నాడు. అతని ఒప్పందంలో, తన అనుమతి లేకుండా ఏ జట్టుకీ పంపకూడదన్న షరతు 2023 జూలై 1న అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా ఎక్కడికైనా పంపే అధికారం క్లబ్‌ది. ఆ రోజు నుంచి అధికారం అతనిది. ఆ షరతు పెట్టింది మీరు కాదు, మీకు ముందున్న కైల్ డూబస్. మీరు కుర్చీలో కూర్చుంది 2023 మే 31న. అంటే మీ చేతిలో సరిగ్గా ఒక నెల ఉంది, ట్రెలివింగ్ గారూ. ఉద్యోగంలో చేరిన కొత్త, ఊరు కొత్త, ఒక్క నెలలో అంత పెద్ద పేరున్న ఆటగాణ్ణి పంపేయమంటే ఎవరికైనా టెన్షనే. అది ఒప్పుకుంటాను. కానీ ఆ తర్వాత మిగిలిన రెండేళ్ళూ గడువు కరిగిపోతుంటే చూస్తూ కూర్చోవడమే అయింది.

మా వైపు ఒక మాట ఉంది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని. పొయ్యి మీద వేడి గిన్నె దింపాలంటే ఆకులు ముందే చేతికి అడ్డం పెట్టుకోవాలి. కాలిపోయాక పట్టుకుని ఏం లాభం? మీ జట్టు పేరులోనే ఆకులున్నాయి. చొక్కా మీదా ఆకే. అయినా ప్రతిసారీ చేతులు కాలాకే గుర్తొస్తాయి.

ఇది ఈ క్లబ్‌కి కొత్త కూడా కాదు. 2008లో కెప్టెన్ మాట్స్ సుందిన్ విషయంలో జరిగిందీ ఇదే. ఒప్పందం ముగిసిపోతోంది, జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళే స్థితిలో లేదు, ట్రేడ్ చేద్దామంటే (వేరే జట్టుకిచ్చి బదులు ఏదైనా తెచ్చుకుందామంటే) షరతు అడ్డం. ఆయన ఒప్పుకోలేదు. ఆ ఏడాది డిసెంబర్‌లో వాంకూవర్‌తో సంతకం చేశాడు. మనకు దక్కింది సున్నా. పదిహేడేళ్ళ తర్వాత అదే కథ, ఈసారి కనీసం రాయ్ అయినా వచ్చాడు.

ఇలా కాకుండా ఎలా చేయాలో చూడాలంటే మరీ దూరం వెళ్ళక్కర్లేదు. ఈ ఏడాదే కెరొలైనా జనవరి చివర్లో మికో రాంటనెన్‌ని తెచ్చుకుంది. అతను తమతో దీర్ఘకాలం ఉండడని తేలగానే మార్చి 7న డాలస్‌కి పంపేసింది. బదులుగా లోగన్ స్టాంకోవెన్ అనే కుర్రాడు, డ్రాఫ్ట్‌లో రెండు మొదటి రౌండ్ పిక్‌లు (ఎంచుకునే వంతులు), రెండు మూడో రౌండ్ పిక్‌లు. ఆరు వారాల్లో తప్పు చేసి, తప్పని గ్రహించి, దిద్దుకున్నారు. ఆ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళారు కూడా.

అంతకంటే దగ్గరి ఉదాహరణ మీరే, ట్రెలివింగ్ గారూ. 2022 జూలైలో కాల్గరీ జనరల్ మేనేజర్ మీరే. దివంగత జానీ గోడ్రో ఒప్పందం ముగిసి కొలంబస్‌కి వెళ్ళిపోతే కాల్గరీకి ఏమీ దక్కలేదు. మాథ్యూ కచక్ కూడా ఎక్కువకాలం ఉండనన్నాడు. ఈసారి మీరు ఆగలేదు. రోజుల వ్యవధిలో అతన్ని ఫ్లోరిడాకి పంపి, జొనథన్ హ్యుబర్డోని, మెకంజీ వీగర్‌ని, ఒక మొదటి రౌండ్ పిక్‌ని తెచ్చుకున్నారు. ఆ ట్రేడ్‌లో ఎవరు గెలిచారన్నది వేరే చర్చ. (కచక్ ఫ్లోరిడాలో రెండు కప్పులు ఎత్తాడు, 2023లోనూ ఈ ఏడాదీ మనల్ని ఇంటికి పంపాడు. 2021లో మీరే ఫ్లోరిడాకి పంపిన సామ్ బెనెట్ ఈసారి మొదటి మ్యాచ్‌లో స్టోలార్జ్ తలకి మోచెయ్యి తగిలించాడు. ఆ సిరీస్‌లో స్టోలార్జ్ మళ్ళీ ఆడలేదు. ఇదంతా చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలీదు.) నేను చెప్పేదల్లా, తగిన సమయంలో నిర్ణయం తీసుకోవడం మీకు రాదని కాదు. చేసి చూపించారు. మరి ఇక్కడికొచ్చాక ఏమైంది?

ఇక డబ్బు. హాకీకి కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట: ఈ లీగ్‌లో ఏ జట్టైనా ఆటగాళ్ళ జీతాలకు పెట్టగల మొత్తానికి ఒక పైగీత ఉంటుంది. దాన్నే క్యాప్ అంటాం. యజమాని ఎంత ధనవంతుడైనా ఆ గీత దాటలేడు. ఊళ్ళో ఉన్న డబ్బంతా లీఫ్స్‌దే అయినా, గీత దగ్గర మాత్రం అందరూ సమానమే. 2019లో ఈ క్యాప్ 81.5 మిలియన్లు. అందులో మాథ్యూస్, తవారెస్, మార్నర్, నైలాండర్ నలుగురివే 40.5 మిలియన్లు. అంటే ఇంచుమించు సగం. మిగిలిన సగంలో గోలీలు, డిఫెన్స్, మిగతా ఫార్వర్డ్‌లు అందరూ సర్దుకోవాలి. క్యాప్ ఏటేటా పెరుగుతుంది, నాలుగేళ్ళు పోతే ఈ జీతాలే చవగ్గా కనిపిస్తాయన్నది అప్పటి లెక్క. కోవిడ్ వచ్చింది. మూడు సీజన్లు ఆ గీత 81.5 దగ్గరే ఆగిపోయింది. 2023-24కి కూడా 83.5 దాటలేదు. డూబస్‌ని అందరూ తిడతారు గానీ, మహమ్మారిని ఎవరు ఊహిస్తారు?

ఊహించలేకపోవడం తప్పు కాదు. ఊహ తలకిందులైందని 2020లోనే తెలిసిపోయాక కూడా అదే నలుగురితో, అదే పద్ధతిలో ఇంకో అయిదేళ్ళు నడపడం తప్పు. ఆ ఇరుకులోనే జాక్ హైమన్ 2021లో ఎడ్మంటన్‌కి పోయాడు. నెట్ ముందు నిలబడి దెబ్బలు తింటూ గోల్స్ కొట్టేవాడు. 2023-24లో అక్కడ 54 గోల్స్ కొట్టాడు. అంతకుముందు 2019లో నజెం కాద్రీని కొలరాడోకి పంపాం. 2022 ఫైనల్‌లో, విరిగిన బొటనవేలికి ఆపరేషన్ చేయించుకుని వచ్చి, నాలుగో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి, కప్పు ఎత్తింది ఈ కాద్రీయే. ప్లేఆఫ్స్‌లో గుండె ధైర్యం ఉన్న ఆటగాళ్ళు మనకు లేరంటారు. ఉండేవాళ్ళు. పంపేశాం. ఫ్లోరిడా కార్టర్ వెర్‌హేగీ కూడా 2013లో మనం డ్రాఫ్ట్ చేసినవాడే. లీఫ్స్ సీనియర్ జట్టుకి ఒక్క మ్యాచ్ ఆడకముందే ట్రేడ్ అయిపోయాడు.

ఇప్పుడు రోజులు మారాయి. క్యాప్ ఈ సీజన్‌కి 95.5, వచ్చే ఏడాది 104, ఆ పై ఏడాది 113.5 మిలియన్లని లీగ్ చెప్పింది. మార్నర్ వదిలిన దాదాపు 11 మిలియన్లు ఒకవైపు, పెరిగిన క్యాప్ ఇంకోవైపు. జేబులో డబ్బున్నప్పుడే ఎక్కువ భయమేస్తుంది నాకు. మధ్యతరగతి ఇంట్లో బోనస్ పడ్డ నెలలాగా.

ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. తవారెస్‌ని నాలుగేళ్ళకి, ఏడాదికి దాదాపు 4.4 మిలియన్లకి ఒప్పించడం మంచి బేరం. గత సీజన్‌లో 38 గోల్స్ కొట్టినవాడు పాత జీతంలో సగం కూడా అడగలేదు. కాకపోతే సెప్టెంబర్‌లో 35 నిండుతాయి, నాలుగో ఏడు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. మాథ్యూ నైస్‌కి ఆరేళ్ళు, ఏడాదికి 7.75 మిలియన్లు. ఇదైతే మొత్తం వేసవిలో మీరు చేసిన అన్నిటికంటే మంచి పని. 22 ఏళ్ళ కుర్రాడు, 29 గోల్స్, రింక్ చుట్టూ ఉండే బోర్డుల దగ్గర ఎవరూ కదపలేని మనిషి. మాటియాస్ మాచెల్లి కూడా నాకు నచ్చాడు. యూటాలో గత ఏడాది చప్పబడిపోయాడు గానీ, అంతకుముందు ఏడాది అరిజోనాలో 57 పాయింట్లు తెచ్చాడు. ఇచ్చిందీ పెద్దగా ఏం లేదు. డకోటా జాషువా, రాయ్ ఇద్దరూ మూడో లైన్‌కి (ముగ్గురేసి కలిసి దిగే ఫార్వర్డ్‌ల దళాల్లో మూడోదానికి) బరువు తెస్తారు.

కానీ ఈ పేర్లన్నీ వరసగా పెట్టి చూడండి. మాథ్యూస్‌కి కుడిపక్క ఆడేది ఎవరు? నైస్ ఎడమ పక్క సరే. కుడి పక్క మాచెల్లీయా, డోమీయా? రాబర్ట్‌సనా? శిక్షణ శిబిరంలో తేలుతుందంటారు. నా భయం అది కాదు. అక్టోబర్, నవంబర్‌లో గోల్స్ తగ్గుతాయి, పేపర్లు మొదలుపెడతాయి, రేడియోలో అరుస్తారు, డిసెంబర్‌కి మీరు కంగారుపడి ముప్పై దాటిన పెద్ద పేరు ఒకదాన్ని ఎనిమిదేళ్ళ ఒప్పందంతో సహా తెచ్చి పెడతారు. మార్నర్ పోయిన చోట మార్నర్‌లాంటివాణ్ణే పెట్టాలనుకుంటే ఆ ఖాళీ ఎన్నటికీ పూడదు. అలాంటివాడు బజారులో ఉండడు. ఒకడు తెచ్చే 102 పాయింట్లని ముగ్గురి మధ్య పంచండి. మొదటి లైన్‌కి పరుగున్న వింగర్ (పక్కన ఆడే ఫార్వర్డ్) ఒకడు చాలు, 60 పాయింట్లవాడైనా సరే. మాథ్యూస్ గాయాల్లేకుండా ఆడితే మిగతాది అతనే చూసుకుంటాడు. రెండేళ్ళ కిందట 69 గోల్స్ కొట్టినవాడు, ఈ ప్లేఆఫ్స్‌లో 13 మ్యాచ్‌ల్లో మూడే కొట్టాడు. శరీరం సహకరించని సంగతి చూస్తున్న మాకే తెలిసిపోయింది.

నిజానికి నన్నడిగితే పెద్ద లోటు ఫార్వర్డ్‌లలో లేదు, వెనక ఉంది. మన డిఫెన్స్ చూడండి: క్రిస్ టానెవ్, జేక్ మెకేబ్, బ్రాండన్ కార్లో, సైమన్ బెనువా. ఒక్కొక్కడు గోడ. షాట్‌కి అడ్డంగా పడిపోతారు, పళ్ళు రాలినా లేచి ఆడతారు. టానెవ్‌కి ఈ ఊరు దండం పెట్టాలి. కానీ గోడ పక్‌ని ఆపుతుంది, ముందుకు తీసుకెళ్ళదు. ఫ్లోరిడావాళ్ళు ఇద్దరు ఫార్వర్డ్‌లని మీదకి పంపగానే మనవాళ్ళు ఏం చేశారు? పక్‌ని రింక్ చుట్టూ ఉన్న గ్లాసుకి కొట్టి మన వైపు నుంచి బయటకి తోసేశారు. అది నేరుగా మన వైపు హద్దైన బ్లూ లైన్ దగ్గర వాళ్ళ డిఫెన్స్‌మన్‌కే పోయేది. మళ్ళీ మన మీదకి. ఇలా నిమిషంన్నర కాళ్ళు లాగేస్తుంటే ఒక్క షిఫ్ట్ మార్చలేక, అంటే అలసినవాళ్ళ బదులు వేరేవాళ్ళని దింపలేక, అల్లాడిపోయేవాళ్ళు. ఆ ఐదో మ్యాచ్, ఏడో మ్యాచ్ మళ్ళీ పెట్టుకుని చూడండి. (నేను చూశాను. మా ఆవిడ నన్ను డాక్టర్‌కి చూపిద్దామంది.) మాథ్యూస్, నైలాండర్ గోల్స్ కొట్టలేదని అందరూ అన్నారు. పక్ వాళ్ళ దాకా వస్తే కదా?

మోర్గన్ రైలీ ఒకప్పుడు ఆ పని చేసేవాడు. ఆలివర్ ఎక్‌మన్-లార్సన్ కొంత చేస్తాడు, ఇద్దరూ ఎడమచేతి వాటమే. కుడిచేతి వాటం ఉండి, ఒత్తిడిలో తల ఎత్తి చూసి, మొదటి పాస్ సరిగ్గా ఇవ్వగల డిఫెన్స్‌మన్ ఒక్కడు కావాలి. ఉన్న డబ్బు ఎక్కడైనా పెట్టాలంటే అక్కడ పెట్టండి. రైలీ పక్కన అలాంటివాడు ఉంటే రైలీ కూడా మళ్ళీ రైలీలా ఆడతాడని నా నమ్మకం.

మేలో మీరు జట్టు డీఎన్ఏ మారాలన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు గుబులుగా ఉంది. డీఎన్ఏ అంటే ఈ ఊళ్ళో ఎప్పుడూ ఒకటే అర్థం చెప్పుకుంటారు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళు, గుద్దేవాళ్ళు, కొట్లాడేవాళ్ళు. ఫ్లోరిడా గెలిచింది గుద్దడం వల్లే అనుకుంటారు. గుద్దారు, నిజమే. కానీ అలెగ్జాండర్ బార్కోవ్ డిఫెన్స్ ఆడే ఫార్వర్డ్‌లకిచ్చే సెల్కీ ట్రోఫీని మూడుసార్లు గెలిచినవాడు. సామ్ రైన్‌హార్ట్ ఒక సీజన్‌లో 57 గోల్స్ కొట్టినవాడు. ఈ మార్చిలో వాళ్ళు సెత్ జోన్స్‌ని తెచ్చుకున్నారు. ఎవరతను? పక్ మోసుకెళ్ళే కుడిచేతి డిఫెన్స్‌మన్. ఏడో మ్యాచ్‌లో మన మీద మొదటి గోల్ కొట్టింది కూడా అతనే. వాళ్ళ మొరటుతనం వెనక నైపుణ్యం ఉంది. నైపుణ్యం తీసేసి మొరటుతనం ఒక్కటే తెచ్చుకుంటే రెంటికీ చెడ్డ రేవళ్ళం అవుతాం.

అదే మార్చిలో మనం ఏం చేశామో గుర్తుచేయాలి. స్కాట్ లాటన్ కోసం ఫిలడెల్ఫియాకి 2027 మొదటి రౌండ్ పిక్‌నీ నికీటా గ్రెబెన్‌కిన్‌నీ ఇచ్చాం. కార్లో కోసం బోస్టన్‌కి 2026 మొదటి రౌండ్ పిక్‌నీ ఫ్రేజర్ మింటెన్‌నీ ఇచ్చాం. 2025ది అంతకుముందే, మీరు రాకముందే, మెకేబ్ ట్రేడ్‌లో చికాగోకి పోయింది. ఈ జూన్ డ్రాఫ్ట్‌లో మన మొదటి ఎంపిక 64వది. మూడేళ్ళ మొదటి రౌండ్ పిక్‌లు ఖాళీ. చివర్లో ఉండే జట్లకి వర్తించే చిన్న రక్షణ షరతులు తప్ప ఏం మిగల్లేదు. కార్లో మంచివాడే, లాటన్ కష్టపడేవాడే. కానీ ఇద్దరూ కలిసి ఆ ఏడో మ్యాచ్‌లో ఏం మార్చగలిగారు?

కాబట్టి ఒక విన్నపం. ఈస్టన్ కవన్‌ని ఎవరికీ ఇవ్వకండి. 2023లో 28వ ఎంపిక, అప్పట్లో అందరూ ముక్కు విరిచారు. ఈ జూన్ 1న ఒంటారియో జూనియర్ జట్టు లండన్ నైట్స్‌తో, జూనియర్ హాకీలో పెద్దదైన మెమోరియల్ కప్ గెలిచి, ఆ టోర్నీకే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. పెద్ద మ్యాచ్ అంటే వీడికి కాళ్ళు వణకవు. ఫిబ్రవరిలో ఎవరో ఫోన్ చేసి మీ వింగర్ సమస్య మేం తీరుస్తాం, కవన్‌ని ఇవ్వండంటారు. ఆ ఫోన్ పెట్టేయండి. పదేళ్ళ తర్వాత ఇంకో వెర్‌హేగీ గురించి నేను ఇంకో ఉత్తరం రాయలేను.

ఇక క్యాలెండర్ సంగతి, నేను అసలు చెప్పదలచుకున్నది. స్టోలార్జ్ ఒప్పందం వచ్చే వేసవితో అయిపోతుంది. ఒక్క సీజన్‌లో 34 మ్యాచ్‌లకు మించి ఎప్పుడూ ఆడలేదు, డిసెంబర్‌లో మోకాలికి ఆపరేషన్ జరిగింది, అంతా నిజమే. అయినా 2.5 మిలియన్లకి ఇంత బాగా గోల్ కాసేవాడు ఇంకొకడు దొరకడు. అక్టోబర్‌కి ముందే కూర్చుని మాట్లాడండి, లేదా అతను లేని జట్టుకి సిద్ధపడండి. మార్చి దాకా నానబెట్టి, ఏప్రిల్‌లో మాథ్యూస్‌కి అతను ఎంత మంచి స్నేహితుడో మాకు చెప్పకండి.

మాథ్యూస్ అంటే గుర్తొచ్చింది. కెప్టెన్ ఒప్పందం 2028లో ముగుస్తుంది. 2027 జూలై 1న మీరు పొడిగింపు ఇవ్వొచ్చు. అతని ఒప్పందంలో కూడా అనుమతి లేకుండా పంపకూడదన్న షరతుంది. అంటే మీ చేతిలో రెండేళ్ళుంది. ఈ రెండేళ్ళలో అతని చుట్టూ గెలిచే జట్టు కట్టగలరో లేదో తేలిపోతుంది. కట్టలేమనిపిస్తే ఆ మాట అతనికే, ఎదురుగా, 2027 జూలైకి ముందే చెప్పండి. ఉంటావా, ఎక్కడికి వెళ్ళాలనుంది అని అడగండి. అవమానం కాదది. సుందిన్‌నీ మార్నర్‌నీ అడగాల్సిన రోజున అడగలేదు, అందుకే అడగమంటున్నాను. ఇక్కడి పన్నులు, ఇక్కడి మీడియా, ఇక్కడి ఒత్తిడి, ఇవన్నీ కారణాలే. ఒంటారియోలో పైస్థాయి ఆదాయం మీద పన్ను 53 శాతం దాటుతుంది. ఫ్లోరిడాలో, నెవాడాలో రాష్ట్ర ఆదాయ పన్నే లేదు. అది మీరు మార్చలేరు. గడువు ముందు మాట్లాడటం మాత్రం మీ చేతిలోదే.

పెల్లీ గారూ, మీతో ఒక్క మాటే. పదకొండేళ్ళు ప్రెసిడెంట్‌గా ఉన్న బ్రెండన్ షానహన్‌ని మేలో పంపేశారు, ఆ కుర్చీ ఖాళీగానే ఉంచుతామన్నారు. జూలైలో ఎంఎల్ఎస్ఈలో టెలికాం సంస్థ రోజర్స్ వాటా 75 శాతానికి చేరింది. మరి ఇప్పుడు హాకీ విషయంలో కష్టమైన మాట చెప్పేదెవరు? ట్రెలివింగ్ గారు పొరపాటు చేయబోతే ఆగండి అనేవాళ్ళు ఆ గదిలో ఎవరున్నారు? కొత్త మనిషిని పెట్టమనడం లేదు. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గరుందో లేదో తెలుసుకోవాలనుంది, అంతే.

మా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. మేలో సొంత రింక్‌లోనే అభిమానులు జెర్సీలు మంచు మీదకి విసిరారు. ఇంటి కుర్రాడని చెప్పుకున్నవాడి మీద పోయినంత కోపం ఇంకెవరి మీదా చూపించలేదు. మార్నర్ మార్ఖం కుర్రాడు, లీఫ్స్ పోస్టర్లు చూస్తూ పెరిగినవాడు. రేపు ఇంకో స్థానిక కుర్రాడు ఇక్కడికి రావాలా అని ఆలోచిస్తే, అందులో మా వాటా కూడా ఉంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించాం.

మా పాప దగ్గర మార్నర్ 16వ నంబర్ జెర్సీ ఉంది. తొమ్మిదేళ్ళ వయసులో కొన్నది. నంబర్ మార్పిద్దామా, కొత్తది కొందామా అని అడిగాను. అక్కర్లేదు నాన్నా, ఇలాగే వేసుకుంటా అంది. వేగస్ వచ్చినప్పుడు కూడానా అంటే, ఆ రోజు ఆలోచిస్తానంది. అక్టోబర్ 8న మాంట్రియల్‌తో మొదటి మ్యాచ్. ఎప్పటిలాగే టీవీ ముందు ఉంటాం. మాథ్యూస్ కుడి పక్కన ఎవరు దిగుతారో చూస్తాం.

ఇట్లు,
2013 మే 13 నుంచి నిద్ర సరిగా పట్టని ఒక అభిమాని